తడి పలక

చెవి అంచున నరం దొరకడం కష్టం,
పంది అరుస్తుంటే మరీను.
దాలమ్మ మోకాలితో అదిమి పట్టి
"నానొగ్గను బాబూ, నువ్వు తియ్యి" అంది.
తీశాను. ఒక్క బొట్టు.
రెండోసారి మరిగించిన టీ నీళ్ళలా పల్చగా.

చీపురుపల్లి పశువుల ఆసుపత్రి,
శ్రావణం, గేటు దగ్గర బురద.
పదకొండేళ్ళుగా నేనిక్కడ రక్తం చూసేవాణ్ణి.
డాక్టరుగారు మీటింగుకి విజయనగరం వెళ్తే
సగం డాక్టర్ని కూడా.

గరివిడి కాలేజీకి పంపితే జవాబుకి వారం.
ఆ వారం దాకా ఇది ఉండదు.
వెనక కాళ్ళు ఇప్పటికే మాట వినడం లేదు.
మొన్న రాత్రి ఈసుకుపోయిందట,
వెంట్రుకైనా రాని పిల్లలు.
దాలమ్మ లెక్కపెట్టి మరీ పాతిపెట్టింది.
"తొమ్మిది బాబూ. ఒకటి మచ్చది."

బొట్టు మీద సన్నగాజు మూశాను.
మొదట అంతా గులాబి మసక.
మర తిప్పితే గుండ్రని కణాలు, సంతలో జనంలా.
ఆ జనంలో ఒకచోట తోపులాట.
కణం పక్కకి జరుగుతోంది, తోసినవాడు కనపడడు.
కాసేపటికి కనిపించాడు,
సన్నగా, తోక ఊపుతూ, పని మీద వెళ్తున్నవాడిలా.
సర్రా రోగం పురుగు.

"నన్నూ సూడనీ" అంది.
చేతులు చీరకి రెండుసార్లు తుడుచుకుంది.
ఒక కన్ను మూయడం రాక అరచేత్తో కప్పింది.
"ఓలమ్మ! నారుమడిలో తోకకప్పల్లాగున్నాయి.
ఈటికి రగతం తప్ప ఇంకేటీ కూడు దొరకలేదేటి?"
మళ్ళీ వంగి చూసి,
"వడ్డీ సీతయ్యే నయం. తలుపు కొట్టి మరీ వస్తాడు."
ఆ తర్వాత నవ్వింది.
"సిన్నప్పుడు పలక పట్టనిదాన్ని,
ఇదే నా మొదటి పలక."

నాకు నవ్వు రాలేదు.
నా డబ్బాలో ఇంకో పలక ఉంది,
ఊదారంగు వేసి ఆరబెట్టింది, అంచున తారీకు:
జూలై తొమ్మిది. సూర్నాయుడి ఎడమ గిత్త.
అదే తోక, అదే వంపు.
ఆ శాలకీ ఈ దొడ్డికీ మధ్య
ఒక గోడ, ఒక కాలవ, నాలుగు తరాల దూరం.
జోరీగకి అది ఒక్క ఎగురు.
గిత్త మెడ మీద మూతి పెడుతుంది,
తోక విదిలిస్తే లేచి
ఆ తడితోనే వచ్చి పంది చెవి మీద వాలుతుంది.
మూతి కడుక్కోదు. మడి లేదు దానికి.

లక్ష్మివారం పంచాయతీ.
"ఈ పందుల వల్లే మా గిత్త పడింది,
దొడ్డి ఊరు దాటించాలి" అన్నాడు నాయుడు.
అందరూ నా వైపు చూశారు, చదువుకున్నవాణ్ణని.
జేబులో రిజిస్టరు కాయితం ఉంది.
దగ్గాను.
"ఈగల వల్ల కూడా వస్తుందండీ" అన్నాను.
ఈగల్ని అంటే ఎవరికీ కోపం రాదు కదా.

చెప్పులు విడిచిన చోటు నుంచి దాలమ్మ లేచింది.
"బాబుగారి గిత్త మేత మానీసిన రోజు
నా కోడలు నీలాడినాది.
ఇరవయ్యొక్క దినాలకి గుంటకి పేరెట్టినాం.
అప్పటికి నా పంది నిండు సూడి,
తట్టెడు తవుడు తినీసేది.
ఎవులిది ఎవులికి అంటిందో మీరే సెప్పండి."
ఎవరూ చెప్పలేదు. ఫ్యాను తిరిగింది.

మందు రెండు మోతాదులే ఉంది.
స్టాకు పుస్తకంలో గళ్ళు: ఎద్దు, ఆవు, గేదె, ఇతరములు.
ఇతరములు దగ్గర దాలమ్మ పంది అని రాశాను,
గుండ్రంగా, ఎవరైనా చదవగలిగేలా.
ఇది ధైర్యం కాదని నాకు తెలుసు.

మూడో రోజు కబురొచ్చింది: "గంజి తాగినాది."
ఐదో రోజు తనే వచ్చింది, ఆ పలక చూపించమని.
ఎప్పుడో ఆరిపోయింది, ఏమీ కదలదన్నాను.
"కదలకపోతే మానీ. అంచున ఏటో రాసినావు కదా,
అది సదివి పెట్టు."
చదివాను. తారీకు, ఊరు, ఆమె పేరు.
"నాయుడి పలక మీదది కూడా."
తలుపు వైపు చూసి
గొంతు తగ్గించి
అదీ చదివాను.